ఎన్‌హెచ్‌ఎల్ 3.5 సున్నం బస్తా: చలి ప్రాంతాల పాత ఇటుక ఇళ్ల పాయింటింగ్‌కు ఎంతవరకు పనికొస్తుంది?

సందుల్లో మాలు రాలిపోతున్న పాత ఇటుక ఇంటికి కొత్తగా పాయింటింగ్ (ఆ సందులను మళ్లీ మాలుతో నింపే పని) చేయించాలని వెతికేవారికి ముందుగా కనబడేది ఎన్‌హెచ్‌ఎల్ 3.5 అని అచ్చేసిన 25 కిలోల సున్నం బస్తా. నేచురల్ హైడ్రాలిక్ లైమ్‌కు అవి పొట్టి అక్షరాలు. నీళ్లు తగలగానే కొంత, గాలి తగిలి మిగతాది గట్టిపడే సున్నం ఇది. ఫ్రాన్స్‌లో సెంట్ అస్తియే, జర్మనీలో ఒట్టర్‌బైన్ లాంటి తయారీదారుల నుంచి వస్తుంది.

తీర్పు ముందే చెప్పేస్తాం. మామూలు ఇంటి గోడకు ఇది మంచి సరుకు. బాగా మెత్తటి ఇటుకకు ఒక్కోసారి గట్టిదైపోతుంది. చేసేవాడికి ఓపిక లేకపోతే మాత్రం ఏ గోడకూ పనికిరాదు. ఈ సున్నం మీద వినబడే ఫిర్యాదుల్లో చాలావరకు ఇసుక దగ్గరో, తడపడం దగ్గరో, పని మొదలుపెట్టిన నెల దగ్గరో తేలతాయి. బస్తాలోని పొడిలో తప్పు దొరకడం అరుదు.

అసలు సిమెంట్ వదిలి సున్నం దాకా ఎందుకు రావాలంటే, నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఇటుక రంధ్రాలు సగమే తడిసి ఉంటే ఆ పెరుగుదలకు లోపలే జాగా దొరుకుతుంది. పదింట తొమ్మిది వంతులు నీటితో నిండిపోతే జాగా ఉండదు, ఇటుక ముఖం పెచ్చుగా లేచిపోతుంది. నెలంతా కదలకుండా మైనస్ 20 దగ్గర ఉండే చలికన్నా పగలు కరిగి రాత్రి గడ్డకట్టే శీతాకాలపు చివరి వారాలే గోడను ఎక్కువ తింటాయి. పాత ఇంట్లో ఇటుక మెత్తన, మధ్యలోని సున్నపు మాలు అంతకన్నా మెత్తన. లోపలికి పోయిన వాననీరు ఎక్కువగా సందుల గుండానే ఆరిపోతుంది. ఆ సందులను గట్టి సిమెంట్‌తో మూస్తే నీటికి ఇటుక ముఖం తప్ప వేరే దారి ఉండదు. గోడ ఎండకు సాగి చలికి ముడుచుకునేటప్పుడు ఆ ఒత్తిడి కూడా ఇటుక అంచుల మీదే పడుతుంది.

అలా చెడిన గోడను అడుగు దూరం నుంచి చూస్తే చాలు. సిమెంట్ గీతలు చెక్కుచెదరకుండా పొలం గట్లలాగా ముందుకు నిలబడి ఉంటాయి. వాటి మధ్య ఇటుకలు గుంటలు పడి ఉంటాయి. వేలితో రాస్తే ఎర్రటి పొడి రాలుతుంది, అక్కడక్కడ తెల్లటి చౌడు కనిపిస్తుంది. ఇటుక కాల్చినప్పుడు ఏర్పడిన గట్టి పైపొర ఒకసారి ఊడిపోయిందంటే దాన్ని తిరిగి తెచ్చే మందు లేదు. మాలు పోతే మళ్లీ నింపుకోవచ్చు కాబట్టి, దెబ్బ తగిలేదేదో మాలుకే తగలాలి.

మీ ఇంట్లో ఉన్నది సున్నమా, సిమెంటా అన్నది ముందు తేల్చుకోవాలి. జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో ఇంగ్లండ్‌లో పోర్ట్‌లాండ్ సిమెంట్‌కు పేటెంట్ తీసుకున్నాడు. అమెరికాలో దాని తయారీ 1872లో మొదలైనా, ఇళ్ల మాలులోకి విరివిగా దిగింది 20వ శతాబ్దం తొలినాళ్లలోనే. 1900కు ముందు కట్టిన ఇల్లయితే సున్నమే అనుకుని పని మొదలుపెట్టవచ్చు. 1930 తర్వాతదైతే సిమెంట్ కలిసి ఉంటుందని అనుమానించాలి. మధ్యకాలంవాటికి లోపలి మాలు ముక్క ఒకటి తీసి చూడాలి. పైన ఎవరో పూసిన అతుకు ముక్క తీస్తే లాభం లేదు, కనీసం రెండంగుళాల లోపలిది కావాలి. వేళ్ల మధ్య నలిగిపోతూ, సరిగా కరగని సున్నం తెల్లటి చుక్కలుగా కనబడితే అది సున్నపు మాలే. పలచటి ఆసిడ్ చుక్క వేసి నురగ వచ్చిందని సున్నమని తేల్చేయకండి, సిమెంట్ కూడా నురగ కక్కుతుంది. కచ్చితంగా తెలియాలంటే అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం వారి సీ1324 పద్ధతిలో ప్రయోగశాల పరీక్ష ఉంది. ఇల్లు పెద్దదైతే ఆ ఖర్చు దండగ కాదు.

ఇక బస్తా సంగతి. యూరప్ ప్రమాణం ఈఎన్ 459-1 ప్రకారం ఎన్‌హెచ్‌ఎల్ మూడు రకాలు: 2, 3.5, 5. ఆ అంకె 28 రోజులకు రావాల్సిన కనీస బలం, నలిగిపోకుండా తట్టుకునే ఒత్తిడిని కొలిచే మెగాపాస్కల్‌లలో. కనీసం అన్న మాటను చాలామంది పట్టించుకోరు. గరిష్ఠం కూడా ప్రమాణంలోనే ఉంది: 2 రకం 7 దాకా, 3.5 రకం 10 దాకా, 5 రకం 15 దాకా వెళ్లవచ్చు. అంటే ఒక కంపెనీ 3.5 బస్తా ఇంకో కంపెనీ 5 బస్తాకన్నా గట్టిగా తేలినా రూల్ తప్పినట్టు కాదు. పైగా ఈ సున్నం 28 రోజుల దగ్గర ఆగదు, ఏడాది, రెండేళ్ల దాకా బలం పెరుగుతూనే ఉంటుంది. అందుకని బస్తా మీది అంకె చూసి కొనకండి. 28 రోజులకు, ఆరు నెలలకు, ఏడాదికి ఇసుకతో కలిపిన మాలు బలం ఎంతో చూపే సాంకేతిక పత్రం అడగండి. మంచి కంపెనీలు ఇస్తాయి. ఇవ్వని కంపెనీ బస్తాను పాత ఇంటి గోడకు వాడమని మేం చెప్పం.

పేరులో ఎన్ అక్షరం ఉందో లేదో కూడా చూసుకోవాలి. ఎన్‌హెచ్‌ఎల్ అంటే బంకమన్ను, సిలికా సహజంగా కలిసి ఉన్న సున్నపురాయిని సిమెంట్‌కన్నా తక్కువ వేడిలో కాల్చి, నీళ్లు చల్లి పొడి చేసినది. బయటి నుంచి ఏమీ కలపరు. హెచ్‌ఎల్ అని మాత్రమే ఉంటే సిమెంట్ కలిపి ఉండవచ్చు. ఎఫ్‌ఎల్ అంటే ఫార్ములేటెడ్ లైమ్, అందులో ఏమున్నాయో కంపెనీ ప్రకటించి తీరాలి. ఇసుక కూడా కలిపి అమ్మే రెడీమిక్స్ సంచులమీద పెద్ద అక్షరాలతో లైమ్ మోర్టార్ అని ఉన్నా, భద్రతా పత్రం తిరగేసి పోర్ట్‌లాండ్ సిమెంట్ పేరు ఉందేమో చూడండి.

3.5 ఎక్కడ సరిపోతుందంటే, మధ్యస్థంగా కాలిన ఇటుకతో కట్టి, కప్పు చూరు కింద వానకు కొంత చాటు ఉన్న మామూలు గోడకు. ఇటుకను చాకుమొనతో గీస్తే తేలిగ్గా గాడి పడుతోందంటే 2 రకం తీసుకోండి. వానా చలీ నాలుగు వైపులా కొట్టే పిట్టగోడ పైవరసకు, కప్పు మీద నిలబడ్డ పొగగొట్టానికి గట్టి ఇటుకయితే 5 రకం వాడేవారున్నారు, అది సబబే. కానీ మెత్తటి ఇటుకతో కట్టిన పొగగొట్టానికి కూడా చలి ఎక్కువని 5 రకం దట్టించడం తప్పు. చలి ఎంత అన్నదానికన్నా ఇటుక ఎంత గట్టిది అన్నదే ముందు చూడాలి.

ఇసుక గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మాలులో మూడింట రెండు వంతులకు మించి అదే. గుండ్రటి మెత్తటి ఇసుక పాయింటింగ్‌కు వద్దు. పలుకు పలుకుగా, సన్నం నుంచి ముతక దాకా అన్ని సైజులూ కలిసిన కడిగిన ఇసుక కావాలి. అన్నింటికన్నా పెద్ద రేణువు సందు వెడల్పులో మూడో వంతు మించకూడదు. 10 మిల్లీమీటర్ల సందుకు 3 మిల్లీమీటర్లు. రేణువులన్నీ ఒకే సైజులో ఉంటే మధ్య ఖాళీలు పెరుగుతాయి, వాటిని నింపడానికి సున్నం, నీరు ఎక్కువ పడతాయి, ఆరేటప్పుడు మాలు కుంచించుకుని అంచుల వెంట బీటలిస్తుంది. మాలు రంగు కూడా ఎక్కువగా ఇసుకదే. పాత మాలు ముక్కను పలచటి ఆసిడ్‌లో వేస్తే సున్నం కరిగి ఇసుక అడుగున మిగులుతుంది, దాన్ని కడిగి ఆరబెట్టి కొత్త ఇసుక పక్కన పెట్టి చూడండి. గవ్వపొడి, సున్నపురాయి కలిసిన ఇసుకయితే ఆసిడ్‌లో అది కూడా కరిగిపోతుందని గుర్తుంచుకోవాలి.

పాళ్లు ఘనపరిమాణం లెక్కన 1 సున్నానికి 2.5 ఇసుక. పారతో లెక్కపెట్టవద్దు, ఒకే బకెట్‌తో కొలవండి. చెమ్మగా ఉన్న ఇసుక పొంగి 20 నుంచి 30 శాతం దాకా ఎక్కువ జాగా తీసుకుంటుంది. పొద్దున పొడి ఇసుకతో, మధ్యాహ్నం తడిసిన ఇసుకతో కలిపితే గోడలో సగం ఒక బలం, సగం ఇంకో బలం. ముందు రెండు మూడు నిమిషాలు పొడిగా తిప్పి, తర్వాత నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ మిక్సర్‌లో ఇంకో 10, 15 నిమిషాలు తిప్పాలి. సిమెంట్ అలవాటున్న మేస్త్రులు మూడు నిమిషాలకే ఆపేస్తారు. మొదట్లో మాలు పొడిపొడిగానే ఉంటుంది, నీళ్లు చాలలేదనిపిస్తుంది. తిప్పేకొద్దీ సున్నం ఇసుకను పట్టుకుని దానంతటదే మెత్తబడుతుంది. ఆ పది నిమిషాలు ఆగలేక పోసిన అదనపు నీళ్లే తర్వాత బీటలు. చేతిలో ముద్దగా పిసికితే విడిపోకుండా, అరచేతికి తడి అంటకుండా ఉంటే పాయింటింగ్‌కు సరైన పాకం.

ఎన్ని బస్తాలు కావాలో ఇలా లెక్క వేసుకోండి. 215 మిల్లీమీటర్ల పొడవు, 65 మిల్లీమీటర్ల ఎత్తు ఇటుకలతో, 10 మిల్లీమీటర్ల సందులతో కట్టిన గోడలో చదరపు మీటరుకు సుమారు 60 ఇటుకలు, 17 మీటర్లకు పైగా సందు ఉంటాయి. 25 మిల్లీమీటర్ల లోతు నింపితే 4.3 లీటర్ల మాలు. కింద రాలేది కలిపి 5.5 లీటర్లు అనుకోండి. 25 కిలోల బస్తా సున్నం దాదాపు 39 లీటర్లు ఉంటుంది, దానికి 97 లీటర్ల ఇసుక. సున్నం చాలావరకు ఇసుక ఖాళీల్లోకి సర్దుకుంటుంది కాబట్టి వచ్చే మాలు సుమారు 95 నుంచి 100 లీటర్లు, అంటే బస్తాకు 17 చదరపు మీటర్ల గోడ. సిమెంట్‌కన్నా బస్తా ఖరీదైనా, పాయింటింగ్‌లో సరుకు ఖర్చు కూలి ముందు చిన్నదే. సున్నంలో పొదుపు చేసి మిగిల్చుకునేది ఏమీ ఉండదు.

పాత మాలు తీయడంలోనే ఇటుకలు ఎక్కువగా దెబ్బతింటాయి. సందు వెడల్పుకు రెండు నుంచి రెండున్నర రెట్ల లోతు తీయాలి. 10 మిల్లీమీటర్లకు 20 నుంచి 25. గోరంత లోతు గీకి పైన పూసి వెళ్లిన పని రెండు మూడు శీతాకాలాల్లో పట్టీలుగా ఊడి వస్తుంది. సున్నపు మాలయితే ఉలి, సుత్తితోనే వచ్చేస్తుంది. ఎవరో తర్వాత పెట్టిన సిమెంట్ తీయడమే కష్టం. గ్రైండర్ వాడితే అడ్డ సందుల్లో, అదీ నడిమధ్యన ఒక్క సన్నటి కోత మాత్రమే కోసి, పైన కింద మిగిలినదాన్ని ఉలితో ఆ ఖాళీలోకి కొట్టాలి. నిలువు సందుల్లో గ్రైండర్ పెట్టనివ్వకండి. 115 మిల్లీమీటర్ల గుండ్రటి బిళ్ల 65 మిల్లీమీటర్ల ఎత్తు సందులో పూర్తి లోతు కోయాలంటే పై ఇటుకనూ కింద ఇటుకనూ కోయక తప్పదు. ప్రతి నిలువు సందుకు పైన, కింద చిన్న గాట్లు కనబడే గోడ అలా కోసిందే, ఆ గాట్లు ఇక పోవు. కంపనంతో పనిచేసే ఆసిలేటింగ్ టూల్, ఉదాహరణకు ఫైన్ మల్టీమాస్టర్, కార్బైడ్ బ్లేడ్‌తో నిలువు సందులకు నెమ్మదిగానైనా శుభ్రంగా పనిచేస్తుంది. ఆర్బర్‌టెక్ వారి ఇటుక రంపం రెండు బ్లేడ్లతో మూల దాకా చదరంగా కోస్తుంది, దుమ్ము కూడా గ్రైండర్‌కన్నా తక్కువ. పెద్ద పనికి అద్దెకు తెచ్చుకోదగ్గది అదే. సన్నటి సందులున్న ఇళ్లకు మాత్రం దాని బ్లేడ్ మందం ముందు కొలిచి చూసుకోవాలి.

ఏ పనిముట్టు వాడినా సిలికా దుమ్ము లేస్తుంది. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా పెట్టిన హద్దు ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరు గాలికి 50 మైక్రోగ్రాములు. కంటికి కనబడే దుమ్ము లేస్తోందంటే ఆ హద్దు దాటుతుందనే అనుమానించాలి. గుడ్డ కట్టుకుంటే చాలదు, సన్నటి దుమ్మును కూడా వడకట్టే పీ100 మాస్కు, హెపా వాక్యూమ్ ఉండాలి. తడి సున్నం చర్మాన్నీ కళ్లనూ కాల్చేస్తుంది, అద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.

తీసిన సందును దుమ్ము లేకుండా ఊడ్చి, పైనుంచి కిందికి నీళ్లు చల్లాలి. మాలు పెట్టే వేళకు ఇటుక తడిగా ఉండాలి, పైన నీరు మెరవకూడదు. పొడి ఇటుక మాలులోని నీటిని నిమిషాల్లో లాగేస్తుంది, ఇక ఆ సున్నం గట్టిపడేదేముంది, పొడిగా రాలిపోతుంది. సందుకన్నా సన్నని పాయింటింగ్ తాపీతో ఆరేసి మిల్లీమీటర్ల పొరలుగా, వెనక నుంచి ఖాళీ లేకుండా దట్టించాలి. బొటనవేలు నొక్కితే అచ్చు పడేంత బిగిశాక తర్వాతి పొర. ఇటుక అంచులు అరిగి గుండ్రంగా అయి ఉంటే మాలును ముఖం దాకా తేకుండా కాస్త లోపలే ఆపండి. అరిగిన అంచు మీదికి పలచగా సాగిన మాలు మొదటి చలికే ఊడిపోతుంది, చూడటానికి సందు కూడా రెండింతలు వెడల్పుగా కనబడుతుంది.

ఆ తర్వాతి అడుగును చాలామంది వదిలేస్తారు. నింపిన కొన్ని గంటలకు, చల్లటి రోజుల్లో మర్నాటికి, మాలు బొటనవేలికి లొంగకుండా గోరుతో గీస్తే గీత పడే దశకు వస్తుంది. అప్పుడు గట్టి కుచ్చుల బ్రష్‌ను నిటారుగా పట్టుకుని మొనలతో సందు వెంట దబదబా పొడవాలి. పక్కకు లాగి రుద్దకూడదు. దీంతో ఆరేటప్పుడు వచ్చిన వెంట్రుకవాసి బీటలు మూసుకుంటాయి, పైన తేలిన సున్నపు మీగడ పోయి ఇసుక పలుకులు బయటపడతాయి, గాలి లోపలికి పోయే దారి తెరుచుకుంటుంది. తాపీతో నున్నగా సాదిన సందు ఆ రోజుకు అందంగా ఉంటుంది, పైన పొర మూసుకుపోయి లోపల పచ్చిగానే ఉండిపోతుంది. బ్రష్ పని ఎప్పుడు చేస్తారని మేస్త్రిని ముందే అడగండి. అదేమిటని ఎదురడిగితే ఆయన సున్నంతో పని చేసిన మనిషి కాదని అర్థం.

తడపడం కనీసం వారం రోజులు. గోనె పట్టాలు గోడకు ఆనకుండా వేలాడదీసి, వాటినీ గోడనూ రోజుకు రెండు మూడుసార్లు తుంపరగా తడపాలి. ఎండకన్నా గాలి ప్రమాదం. తొలిరోజుల్లో జోరు వాన తగిలితే సున్నం కారి ఇటుకల మీద తెల్లటి చారలు పడతాయి. మరీ త్వరగా ఆరితే వేలికి పొడి అంటుతుంది. నీళ్లు ఎక్కువైతే అంచుల వెంట బీట. గడ్డకట్టే చలి తగిలితే పైపొర రేకులుగా లేస్తుంది. లోపం రూపాన్ని బట్టి కారణం ఇంత తేలిగ్గా చదవగలిగే సరుకు ఇంకోటి లేదు, ఇది దీనిలో మాకు నచ్చిన గుణం.

రాత్రి ఉష్ణోగ్రత 5 డిగ్రీల కిందికి దిగే రోజుల్లో పని పెట్టుకోవద్దు. గట్టి చలి మొదలవడానికి ఆరు వారాల ముందే ఆఖరి సందు పూర్తయ్యేట్టు తేదీలు వేసుకోవడం క్షేమం. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని గట్టిపడేది పైనుంచి లోపలికి, చాలా నిదానంగా. ఎంత లోతు గట్టిపడిందో చూడాలంటే కనబడని మూలన చిన్న ముక్క విరిచి, విరిగిన ముఖం మీద ఫినాల్ఫ్తలీన్ అనే రంగు మారే రసాయనం చుక్క వేయాలి. ఇంకా పచ్చిగా ఉన్న భాగం గులాబీ రంగు తిరుగుతుంది, గట్టిపడిన పైఅంచు రంగు మారదు. శీతాకాలం ముందు ఆ రంగు మారని అంచు పలచటి గీతలా ఉందంటే ఆ గోడను మొదటి ఏడాది కప్పి కాపాడుకోవాలి. చలిలో పని సాగించడానికి మాలులో కాల్షియం క్లోరైడ్ లాంటి యాంటీఫ్రీజ్ కలుపుతామంటే ఒప్పుకోకండి. ఆ ఉప్పు గోడలోనే ఉండిపోయి ఏటా చౌడుగా బయటికి వస్తుంది, ఇటుక ముఖాన్ని లోపలినుంచి నెట్టేస్తుంది, ఇనుప కట్లు తుప్పు పడతాయి.

పోటీ సరుకుల మాటకొస్తే, అమెరికాలో సిమెంట్ మాలును బలాన్ని బట్టి ఎం, ఎస్, ఎన్, ఓ అని రకాలుగా విడదీస్తారు, ఎం అన్నింటికన్నా గట్టిది. దుకాణంలో తేలిగ్గా దొరికే టైప్ ఎన్ బస్తా 1 సిమెంట్, 1 సున్నం, 6 ఇసుక పాళ్లకు సమానం. ఏఎస్‌టీఎం సీ270 ప్రకారం కనీసం 750 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), అంటే 5.2 మెగాపాస్కల్‌లు. మేసన్రీ సిమెంట్ అని అమ్మేవాటిలో సున్నానికి బదులు మెత్తగా నూరిన సున్నపురాయి ఉండటం మామూలే. 1930 తర్వాతి గట్టి ఇటుక ఇళ్లకు టైప్ ఎన్ చాలు, అక్కడ ఎన్‌హెచ్‌ఎల్ కోసం వెతకనక్కర్లేదు. టైప్ ఓ, అంటే 1:2:9, కనీసం 350 పీఎస్ఐ. మధ్యకాలపు ఇళ్లకు ఇది నిజంగా మంచి రాజీ, సిమెంట్ అలవాటున్న మేస్త్రి చేతిలో ఎన్‌హెచ్‌ఎల్‌కన్నా భద్రం కూడా. టైప్ ఎస్, ఎం పాత గోడ దరిదాపులకు రానివ్వకండి. ఇక ముద్ద సున్నం, అందరికన్నా మెత్తనిది, చాటున్న గోడకు, మరీ మెత్తటి ఇటుకకు దాన్ని మించింది లేదు. కానీ అది గాలితోనే గట్టిపడుతుంది కాబట్టి ఎప్పుడూ తడిగా ఉండే గోడలో ఎన్నాళ్లకూ పచ్చిగానే ఉంటుంది. చలి ప్రాంతంలో వసంతకాలంలో మొదలుపెట్టి వేసవి మధ్యకల్లా ముగించగలిగితేనే దాని జోలికి వెళ్లాలి.

ఎంత మంచి మాలైనా పైనుంచి నీరు కారుతుంటే నిలవదు. నీరు పల్లమెరుగు. చూరు గొట్టం పగిలిందా, కిటికీ గడప వాలు బయటికి ఉందా, పొగగొట్టం మీది కప్పు రాయి గోడ దాటి కనీసం 5 సెంటీమీటర్లు ముందుకు వచ్చి, కింద నీరు తెగి చుక్కలుగా పడే గాడి ఉందా, ఇవి బస్తా కొనకముందే చూడాలి. పొగగొట్టంలో ఇంకో చిక్కుంది. ఇంటిని వేడిచేసే కొత్త హై ఎఫిషియెన్సీ ఫర్నేస్ పెట్టి దాని పొగను ప్లాస్టిక్ గొట్టంతో పక్కగోడ నుంచి పంపేశాక, పాత పొగగొట్టానికి నీళ్ల హీటర్ ఒక్కటే మిగులుతుంది. అంత పెద్ద గొట్టాన్ని అది వేడెక్కించలేదు. ఆవిరి లోపలే నీరయి, ఆమ్లంతో సహా మాలులోకి ఇంకి, కప్పు పైభాగంలో ఇటుకలు పెచ్చులూడతాయి. దానికి సరైన సైజు లైనర్, అంటే లోపలి గొట్టం, వేయాలి, ఎన్నిసార్లు పాయింటింగ్ చేసినా ఫలితం ఉండదు. లోపలివైపు మందంగా ఇన్సులేషన్ వేసిన ఇల్లయితే ఇటుకకు ఇంటి వేడి అందక ఎక్కువ చల్లబడుతుంది, తక్కువగా ఆరుతుంది. అలాంటి గోడకు నీటి దారులు మూయడం ఇంకా ముఖ్యం.

పాయింటింగ్ అయ్యాక పైన సిలేన్, సిలోక్సేన్ రకం నీటి నిరోధకం కొడతామని అదనంగా అమ్మజూపుతారు. ఆవిరి పోనిస్తుందన్న మాట నిజమే. అయితే బీటల నుంచి లోపలికి పోయిన నీరు నీటిగా పైకి వచ్చి ఆరే దారి అది మూస్తుంది. గోడలో ఉప్పు ఉంటే ఆ నిరోధకం వెనకే స్ఫటికాలు కట్టి ముఖాన్ని నెడుతుంది. మా సలహా వద్దనే. రబ్బరులా సాగే రంగులు అంతకన్నా చెరుపు. ఇసుక బ్లాస్టింగ్‌తో శుభ్రం చేయడమంటే ఇటుక గట్టి పొరను డబ్బిచ్చి తీయించుకోవడమే.

పాడైన ఇటుకలు మార్చాలంటే పాత ఇటుకల గుట్టలోంచి ఏరేటప్పుడు జాగ్రత్త. ఇల్లు కూల్చినప్పుడు బయటివరస గట్టి ఇటుకలూ, లోపలివరసల్లో వాడిన సరిగా కాలని లేత గులాబీ రంగు ఇటుకలూ కలిసిపోతాయి. ఆ లేతరంగువి బయట పెడితే రెండు శీతాకాలాలు తట్టుకోవు. ఒకదానితో ఒకటి తట్టినప్పుడు ఖంగుమని మోగేవి తీసుకుని, బొద్దు చప్పుడు చేసేవి వదిలేయండి. కొత్తవి కొంటే ఏఎస్‌టీఎం సీ216లో ఎస్‌డబ్ల్యూ గ్రేడ్ అడగండి, కఠిన వాతావరణానికి పెట్టిన గ్రేడ్ అది.

బస్తాను నేలకు తగలకుండా, చెమ్మ లేని చోట ఉంచితే ఏడాది దాకా నిలవ ఉంటుంది. గడ్డలు కట్టిందంటే పాయింటింగ్‌కు పనికిరాదు, నలిపి కలిపేద్దామనుకోకండి. పెద్ద గోడ మీదికి వెళ్లేముందు వెనకవైపు ఒక చదరపు మీటరు చేసి, ఆరాక రంగు చూడండి. సున్నం మాలు తడిలో ముదురుగా ఉండి ఆరాక బాగా లేతబడుతుంది. పని ముగిశాక అదే ఇసుక రెండు బకెట్లు మూతపెట్టి దాచి, పాళ్లు, సున్నం రకం, కంపెనీ పేరు ఆ మూత మీదే రాసి పెట్టండి. పదేళ్ల తర్వాత ఓ మూల అతుకు వేయాల్సి వస్తే రంగు కలిసేది దానితోనే.